సెకన్ల ప్రార్థన

ఆ వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అనే పిలిచేవారు. పాతికేళ్లుగా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో లిఫ్టులు బాగుచేయడమే ఆయన పని. భార్య, పదమూడేళ్ల కూతురు, తను. ఒకప్పుడు ముగ్గురూ ఒక్క ఆదివారం కూడా చర్చి మానేవారు కాదు. పాట ఎత్తుకోవాలంటే పాస్టరుగారు ఈయనవైపే చూసేవారు. గొంతు అంత ఖంగున మోగేది.

కూతురు సరదాకి ఈత నేర్చుకుంది. పదకొండో ఏట ఒక పోటీలో తనకంటే పెద్ద పిల్లల్ని దాటేసింది. "మీ అమ్మాయిలో సరుకుంది" అని కోచ్ అన్న ముక్క లిఫ్టాయన నెత్తికెక్కి కూర్చుంది. స్టాప్‌వాచ్ కొన్నాడు. వంటగది గోడకి పెద్ద కాగితం అంటించి, పిల్ల ఈదిన ప్రతిసారీ పట్టిన సమయం రాయడం మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున కూడా ప్రాక్టీసు పెట్టించాడు.

"దేవుడిచ్చిన వరాన్ని వాడుకోకపోతే తప్పు కదా?" అనేవాడు భార్యతో.

పాస్టరుగారు ఇంటికొచ్చి పలకరిస్తే, "పోటీలున్నాయండీ, అవగానే వస్తాం" అన్నాడు. అవి అయ్యేవి కావు. ఒకటి పోతే ఇంకోటి నెత్తిన ఉండేది.

ఇంట్లో ప్రార్థన మాత్రం మానలేదు. భోజనానికి ముందు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈసారి ముప్పై రెండు సెకన్ల లోపు రానివ్వు" అనేవాడు. తల్లీకూతుళ్లు ఆమెన్ అనేవారు.

ఒక మధ్యాహ్నం పిల్ల సగం దూరంలోనే ఈత ఆపి గట్టు పట్టుకుంది. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. ఎముకల డాక్టరమ్మ చెయ్యి పట్టి తిప్పగానే పిల్ల కెవ్వుమంది.

"భుజంలో వాపుంది. మూడు నెలలు నీళ్లలో దిగకూడదు" అంది డాక్టరమ్మ.

"మరి వచ్చే నెల పోటీ ఉందే!" అన్నాడు లిఫ్టాయన.

ఆమె పిల్లవైపు తిరిగింది. "ఎన్నాళ్ల నుంచమ్మా నొప్పి?" అని పిల్లని అడిగింది.

"రెండు నెలలు."

"ఇంట్లో చెప్పలేదా?"

పిల్ల కాలివేళ్ల వైపు చూసింది. "పోయినసారి ఒక్క సెకను ఎక్కువైందని నాన్న నాతో రెండ్రోజులు మాట్లాడలేదు."

మందుల కోసం బయట బల్ల మీద కూర్చున్నప్పుడు పిల్లే తండ్రిని కదిలించింది.

"నాన్నా, ఒకటి చెబితే కోప్పడవుగా? నీ ప్రార్థనలో నేనెప్పుడూ ఉండను. సెకన్లే ఉంటాయి."

కోప్పడే మొహం ఆయనకి లేదు. ఇంటికెళ్లి భార్యని నిలదీశాడు. "దానికి నొప్పని నాకు ఒక్కసారైనా చెప్పొద్దా?"

"మూడుసార్లు చెప్పాను. అదే సర్దుకుంటుంది అన్నారు మీరు."

ఆయన వంటగది గోడ మీది కాగితం వంక చూశాడు. "నేను తప్ప వేరే దేవుడు నీకు ఉండకూడదు అన్న మొదటి ఆజ్ఞ చిన్నప్పటి నుంచి అప్పజెబుతున్నానే. విగ్రహం మనింటికి రాదులే అనుకున్నాను. నా చేత్తో నేనే అంటించుకున్నాను."

కాగితం లాగితే దానితోపాటు రంగు పెచ్చు కూడా ఊడింది. పిల్ల దగ్గరికెళ్లి, "తప్పు చేశానమ్మా, క్షమించు" అన్నాడు. పిల్ల వెంటనే దగ్గరికి రాలేదు.

ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చున్నాడు. పాట మొదలైంది. ఆయన పెదవులు కదులుతున్నా మనసు మాత్రం ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెడుతోంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఆరాధనయ్యాక ఆ మాట పాస్టరుగారితో చెప్పుకున్నాడు.

ఆయన నవ్వారు. "నాకూ ఉంది బ్రదర్ ఆ జబ్బు. ప్రసంగం చేస్తూనే ఎంతమంది వచ్చారో తలలు లెక్కపెడుతుంటాను."

"మరెలా మానారు?"

"మానలేదు. గుర్తొచ్చినప్పుడల్లా ఒప్పుకుని, మళ్లీ దేవుడివైపు తిరుగుతాను. ఒక్కోరోజు పదిసార్లు."

మూడు నెలలు గడిచాయి. భుజం నయమైంది. "ఇంక పోటీలకి వెళ్లను, ఊరికే ఈదుతాను" అంది కూతురు. లిఫ్టాయనకి గుండెలో కలుక్కుమంది. ఆ బాధనీ దాచుకోకుండా ప్రార్థనలో చెప్పుకుని, "నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

"నువ్వు కూడా దిగు మరి."

"నాకు ఈత రాదే!"

పిల్ల పకపకా నవ్వింది. రెండేళ్లు గట్టు మీద నిలబడి కేకలేసిన మనిషి ఆ శనివారం నడుములోతు నీళ్లలో దిగి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, మొదటి నిమిషంలోనే రెండు గుక్కలు మింగాడు.