జలపాతానికి సులువు దారి

అమ్మ తల వెనక్కి వాల్చుకుని కూర్చుంది. అక్క ఎడమచేత్తో ఆవిడ కింది రెప్పను కొద్దిగా లాగి పట్టుకుని, కుడిచేతిలోని చిన్న సీసా నొక్కింది. చుక్క జారి చెంప మీదికి పోయింది.

"కదలకమ్మా. మందంతా మొహానికి రాసుకుంటున్నావు."

"చల్లగా తగులుతుంటే రెప్ప ఆగదే."

"రెండో కన్ను. పైకి చూడు, ఫ్యాన్ చూడు."

అమ్మ బుద్ధిగా ఫ్యాన్ చూసింది. పొద్దునా సాయంత్రమూ ఈ పని అక్కదే. తమ్ముడూ, మరదలూ అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చినప్పటి నుంచి ఒక్క పూట తప్పలేదు. అక్క ఒక డ్రైక్లీనింగ్ షాపులో పని చేస్తుంది. పొడుగైన ప్యాంట్లు మడిచి కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం. పగలంతా సూది మొన మీద చూపు నిలిపి ఇంటికొచ్చిన మనిషి, చెప్పులు విప్పగానే సీసా కోసం వెతుక్కునేది. తమ్ముడు పిలిచి పిలిచి ఆ ఇంట్లో ఆమెకు అక్క అనే పేరే స్థిరపడింది. కన్నతల్లి కూడా అక్కా అనే పిలుస్తుంది.

కిందటి చలికాలంలో షాపులో తడినేల మీద జారిపడి అక్క చీలమండ విరిగింది. లోపల ప్లేటు వేసి కట్టు కట్టారు. మంచం దిగలేని ఆ రోజుల్లో ఎదురుగోడ మీద ఒక క్యాలెండర్ ఉండేది. ఆ నెల బొమ్మ నేషనల్ పార్కులోని జలపాతం. నెల మారినా అక్క ఆ కాగితం తిప్పనివ్వలేదు. ఊరికి ఇంత దగ్గర్లో ఉన్నా నలుగురిలో ఎవరూ దాన్ని చూసింది లేదు.

"కాలు బాగయ్యాక మొదట అక్కడికే పోదాం, నలుగురం" అందామె ఒకరోజు.

"నువ్వు నడిచేదాకా మేమూ ఆ వైపు తొంగి చూడం" అన్నాడు తమ్ముడు. అమ్మా, మరదలూ అవునవునన్నారు.

ఆ మాట పట్టుకునే అక్క లేచింది. వాళ్ళున్న బిల్డింగులో లిఫ్టు ఉంది. అయినా రోజూ మెట్లెక్కి వచ్చేది. ముందు మంచి కాలు, దాని వెనక రెండోది. పక్క ఫ్లాటువాళ్ళు ఎదురొచ్చి "లిఫ్టు పనిచేయట్లేదా?" అని కంగారుపడితే నవ్వి ఊరుకునేది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. కాకపోతే నిదానం.

ఎట్టకేలకు ప్రయాణం రేపే. తమ్ముడు తన స్నేహితుడి కారు తెస్తానన్నాడు.

సీసా మూత బిగించి అక్క వచ్చేసరికి తమ్ముడూ, మరదలూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మరదలు మందుల షాపులో కౌంటరు మీద ఉంటుంది. ఏ పనినైనా చీటీ చదివినట్టు వరసలో చెప్పడం ఆమెకు అలవాటు.

"నీళ్ళ సీసాలు, టోపీలు, గుడ్లు నేను ఉడకబెడతా, బ్రెడ్ వదిన చూసుకుంటుంది. అత్తయ్యా, మీరు ఆ జారే చెప్పులు మాత్రం వెయ్యకండి."

"నా చెప్పులకేమైంది? వాటిని వేసుకునేగా..." అని అమ్మ ఏదో అనబోయి, టీ గిన్నె వైపు తిరిగింది.

"మనం పట్టేది చిన్నదారే అక్కా" అన్నాడు తమ్ముడు. "గేటు నుంచి కింది రెయిలింగు దాకా. చదునుగా ఉంటుంది. నువ్వు అక్కడ బెంచీ మీద కూర్చుంటే నీళ్ళు బాగా కనిపిస్తాయి. మేం అలా పైకెళ్ళి ఇలా వచ్చేస్తాం."

"నేనూ పైకొస్తా. ఇన్నాళ్ళూ మెట్లెక్కింది ఎందుకనుకున్నావు?"

"చూద్దాంలే."

మరదలు ఫోనులో మ్యాపు తీసింది. "గేటు ముందు వంతెన ఉంది. అది దాటి ఎడమకి తిరగమంటోంది."

"దాని మొహం. దానికేం తెలుసు?" అన్నాడు తమ్ముడు. అతను సిటీ బస్సు డ్రైవరు. డిపోలో, ఇంట్లో, వీధిలో అందరూ అతన్ని స్టీరింగ్ అంటారు. దారి పేరెత్తితే చాలు, రెండు చేతులూ గాల్లోకి లేస్తాయి. "వంతెన మూసేశారు. డ్రమ్ములు అడ్డం పెట్టారు. కుడివైపు మట్టిదారి పట్టాలి. రెండో మలుపు తిరగ్గానే ఇరుకైపోతుంది. ఎదురుబండి వస్తే మనమే వెనక్కి తియ్యాలి, అవతలవాడికి పక్కన వాగు."

బల్ల కింద మరదలు మొగుణ్ణి తన్నింది. ఆ తన్ను వచ్చి అక్క కాలికి తగిలింది.

అక్క కాలు వెనక్కి తీసుకుంది. తమ్ముడి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి, మలుపు సగంలో.

స్టీరింగుకు ఒక పట్టింపు ఉంది. తను స్వయంగా బండి నడపని దారి గురించి చచ్చినా చెప్పడు. పక్కవీధికి దారడిగినా "అటు నేను తోలలేదండీ" అంటాడు. తోలిన దారైతే గుంతలతో సహా అప్పజెబుతాడు. ఇంటిల్లిపాదీ దీనిమీద ఎన్ని జోకులు వేసుకున్నారో.

"ఎప్పుడు వెళ్ళావురా?" అంది అక్క.

"ఎక్కడికి?"

"ఆ మట్టిదారిలోకి."

"డిపోలో ఎవరో చెప్పుకుంటుంటే..." అతను నీళ్ళు నమిలాడు.

మరదలు ఫోనులోకే చూస్తోంది. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగే నిలబడింది. ఒక్కడే వెళ్ళి ఉంటే తక్కిన ఇద్దరూ ఈపాటికి అతణ్ణి ఆడిపోసుకునేవాళ్ళు. అప్పుడు అక్కకు ఆ రోజు గుర్తొచ్చింది.

కంటి ఆసుపత్రి రోజు. అమ్మకు చూపు మసకబారుతోందని ముగ్గురూ పొద్దున్నే బయల్దేరారు. తనూ వస్తానంది. "అక్కడ గంటలకొద్దీ నిలబడాలి, నీ కాలుతో ఎందుకు?" అన్నారు. షాపులో ఒక హోటలు యూనిఫారాలు కుప్పగా ఉన్నాయి. అవి కుడుతూనే మాటిమాటికీ ఫోన్ చేసింది. ఒక్కరిదీ కలవలేదు. ఆపరేషనేమోనని భయపడి, ఒక ప్యాంటు రెండు కాళ్ళూ కలిపి కుట్టేసింది. సాయంత్రం అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మరదలి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. ముగ్గురి మొహాలూ కమిలి ఉన్నాయి. ఆసుపత్రిలో క్యూ ఎండలో ఉందన్నారు.

"కంటి ఆసుపత్రి రోజేనా?" అంది అక్క.

"నీతో చెబుదామనే అనుకున్నాం వదినా" అంది మరదలు మెల్లగా.

"మరి ఈ మందు?"

"అది మంచిదే. కళ్ళు పొడిబారకుండా ఎవరికైనా వెయ్యొచ్చు. మా షాపులోదే. నష్టమేమీ లేదు."

అక్క అమ్మ వైపు చూసింది. "డాక్టరు ఏమన్నాడమ్మా?"

"డాక్టరు లేడే" అంది అమ్మ. "ఆసుపత్రికి అసలు వెళ్ళలేదు. మర్నాడు చెప్పేద్దామనుకున్నా. నువ్వేమో రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా మందు మందు అంటూ వస్తావు. అంత శ్రద్ధగా వేస్తుంటే ఎలా చెప్పనే?"

"అందుకని రోజూ కళ్ళు తెరిచి వేయించుకున్నావా?"

అమ్మ కొంగుతో చెంప తుడుచుకుంది. అక్కడ తడేమీ లేదు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "చూడక్కా, ఉన్నమాట చెబుతా. నువ్వుంటే పైదాకా వెళ్ళలేం. ప్రతి పది అడుగులకీ ఆగాలి. అమ్మ మోకాళ్ళు ఇప్పటికి బాగున్నాయి, రేపెలా ఉంటాయో. ఒక్కరోజు ఎవరికోసమూ ఆగకుండా నడుద్దామనుకున్నాం. నిన్ను వద్దంటే బాధపడతావు, అందుకే చెప్పలేదు."

"వద్దంటే ఒకరోజు బాధపడేదాన్ని."

మరదలు ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఆసుపత్రిలో ఆలస్యమవుతుందని ఆ రోజు బ్రెడ్డూ గుడ్లూ కట్టిచ్చాను" అంది అక్క. "ఎక్కడ తిన్నారు?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పైన" అంది అమ్మ చివరికి. "నీళ్ళ పక్కన ఒక పెద్ద బండ ఉంది. దానిమీద కూర్చుని."

అక్క తలాడించింది. ఆ డబ్బా తిరిగొచ్చాక తోమింది కూడా తనే. పిల్లలకు చెప్పినట్టు అబద్ధం చెప్పారనిపించింది. జారిపడి కాలు విరిగిన రోజు కూడా ఇంత నొప్పి కలగలేదు. ఆ రోజు ముగ్గురూ చుట్టూ ఉన్నారు. ఇప్పుడు ముగ్గురూ ఒక పక్కన ఉన్నారు, బల్లకు ఈ పక్కన తనొక్కతే ఉంది.

కాసేపటికి మామూలు గొంతుతో అడిగింది. "గేటు లోపల దారి ఎలా ఉంటుంది?"

తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. దారి అడిగితే అతను ఆగలేడు. లోపల మొదట వెదురు పొదలన్నాడు. ఆ తర్వాత దారి చీలుతుంది, ఎడమది బెంచీకి, కుడిది పైకి. పైకి చెక్కమెట్లు, తడిగా ఉంటాయి, రెయిలింగు ఒకవైపే ఉంది, కొన్నిచోట్ల అదీ ఊగుతుంది. మధ్యలో కూర్చోవడానికి ఒక రాతిగట్టు.

"కారు లేనివాళ్ళు ఎలా వెళ్తారు?"

"మా డిపో నుంచి తెల్లారగానే ఒక బస్సు ఉందిగా, వంతెన దగ్గర దింపుతుంది, డ్రమ్ముల పక్కగా నడిచి దాటితే గేటే. మనకెందుకు అదంతా? తొమ్మిదింటికి కారులో రాణుల్లా బయల్దేరండి."

మరదలు నవ్వింది. అక్క కూడా కొంచెం నవ్విందని వాళ్ళకు అనిపించింది. ఇంట్లో ఊపిరి మళ్ళీ ఆడింది. గుడ్లు పొయ్యి మీదికెక్కాయి. టోపీలు బయటికొచ్చాయి. "అక్క మనసు వెన్నరా, నాకు తెలుసు" అని అమ్మ కొడుకుతో గుసగుసలాడింది. అది లోపల బ్రెడ్డు కోస్తున్న అక్కకు వినబడింది.

పడుకునేముందు అమ్మ అడిగింది. "కోపం లేదుగా?"

"పడుకోమ్మా."

కిటికీ అద్దం తెల్లబడుతుండగా అక్క లేచింది. గదిలో దీపం వెయ్యలేదు. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. చీలమండకు ఎలాస్టిక్ పట్టీ చుట్టుకుంది. వంటగదిలో నలుగురికని మూతపెట్టిన గిన్నె ముట్టుకోకుండా ఒక సీసాలో నీళ్ళు పట్టుకుంది. జలపాతం మీద ఆమెకిప్పుడు పెద్ద ఆశ లేదు. పైదాకా ఎక్కగలదో లేదో కూడా తెలియదు. సగంలో ఆగినా, తన కోసం ఆగాలని విసుక్కునేవాళ్ళు పక్కన ఉండరు. అది చాలనుకుంది.

చెప్పుల స్టాండు దగ్గర వంగి బూట్ల తాళ్ళు కడుతుంటే వెనక మంచం కిర్రుమంది. తలెత్తి చూసింది. అమ్మ మోచేతి మీద లేచి కూర్చుని తననే చూస్తోంది. ఎక్కడికని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో ఆవిడకు తెలుసు.

అక్క రెండో తాడు కూడా ముడివేసి, గోడ పట్టుకుని నిలబడింది. గడియ తీసింది. పక్కగదిలో స్టీరింగు గురక వినిపిస్తూనే ఉంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.