రెండు వరుసల వార్త

"మైకు ముందు కూర్చుని నువ్వలా వాగుతూ పోతే, ఏదో ఒకరోజు ఎవరి కొంపో ముంచుతావే ఇందాయ్. నాకు గుండె దడగా ఉంటోంది" అంది ఎడితా, పొయ్యి మీంచి అన్నం దించుతూ.

ఆ ఊళ్లో ఆడపిల్లలందరూ ముద్దుకు 'ఇందాయ్'లే. కూతురు మారివిక్ ఎండుచేప ముక్క నోట్లో వేసుకుని నవ్వింది. "నీకు దడ లేని రోజేదమ్మా? మొన్న పిల్లి తుమ్మితే తుఫానన్నావు."

"నవ్వకు. నిన్నేం చదివావు? 'మృతి చెందిన శవం మళ్లీ తిరిగి వెనక్కి కొట్టుకొచ్చింది.' మృతి చెందని శవం ఉంటుందటే? ఐదో తరగతి తప్పినదాన్ని, నాకే తెలుస్తోంది."

"రేవు ఆఫీసు నుంచి వచ్చే కాగితంలో రెండు వరుసలుంటాయి. నేను ఐదు నిమిషాలు నింపాలి. ఒక్క క్షణం ఆగితే మేనేజరు స్టూడియో అద్దం మీద టకటకా కొడతాడు. అయినా ఊళ్లో ఎవరు ఒక్కసారి చెప్పి ఊరుకుంటున్నారు? రోజూ నువ్వు నాకు 'జాగ్రత్తగా భద్రంగా చూసుకుని వెళ్లు' అనడం లేదూ?"

"నేనంటే నువ్వొక్కదానివే వింటావు. నువ్వంటే సముద్రం మీదవాళ్లు వింటారు."

పనాయ్ దీవిలో ఆ అఖాతం వైపు ఫోను అందదు. అందుకని ప్రతి పడవ గెడకూ ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చిన్న రేడియో వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో పురుడొచ్చినా, ముసలాయనకు జబ్బు చేసినా, గాలి మారేలా ఉన్నా, ఒడ్డున ఉన్నవాళ్లు రేడియోకు చెబుతారు, రేడియో పడవలకు చెబుతుంది. ఆ గొంతు రమ్మంటే వస్తారు. ఎడితా భయమంతా అక్కడే. తొమ్మిది నెలలుగా ఆ గొంతు తన కూతురిదే.

ఆ వారంలోనే ఈశాన్యగాలి లేచింది. పక్కింటి పురింగ్ మొగుడు ఫెలిమోన్, ఆమె తమ్ముడు రోదెల్ వేటకు వెళ్లి తిరిగి రాలేదు. తెల్లవారగానే అఖాతంలో ఉన్న పదకొండు పడవలూ వెతకడానికి బయలుదేరాయి. మనిషి దొరికేదాకా ఎవరూ వల వేయకపోవడం అక్కడి కట్టుబాటు.

రెండో రోజు మధ్యాహ్నం ఎడితా పురింగ్ వరండాలో కూర్చుని ఉంది. పురింగ్ సముద్రం మీదున్న ఇద్దరికీ అన్నం వండి, రెండు పళ్లాల్లో పెట్టి, మూతలు వేసి ఉంచింది. కిటికీలో రేడియో మోగుతోంది. మూడు గంటల వార్తలు మొదలయ్యాయి.

"విషాదకరమైన దుఃఖవార్త" అంది మారివిక్ గొంతు. "గల్లంతై కనిపించకుండా పోయిన ఫెలిమోన్, రోదెల్, ఇద్దరికి ఇద్దరూ, ఏ ఒక్కరూ మిగలకుండా, ప్రాణాలు కోల్పోయి మృతి చెందారు. గాలింపు చివరికి పూర్తిగా ముగిసి సమాప్తమైంది."

పురింగ్ ఏడవలేదు. పళ్లాల మీద మూతలు సరిచేసింది. ఎడితా ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

పొద్దు వాలుతుండగా పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు వచ్చాయి. ఎడితా లెక్కపెట్టింది. పదకొండు.

మర్నాడు ఉదయం పదింటికి గవ్వలు ఏరేవాళ్లకు ఫెలిమోన్ కనిపించాడు. పడవ పక్కన కట్టే వెదురు బొంగుకు తన చొక్కాతోనే చెయ్యి కట్టేసుకుని, రాతిదిబ్బ పక్కన తేలుతున్నాడు. డాక్టరమ్మ చూసి, ప్రాణం పోయి నాలుగైదు గంటలు కూడా దాటలేదంది. ఇసుకలో నిలబడ్డవాళ్లంతా ఎవరి మనసులో వాళ్లు వెనక్కి లెక్క వేసుకున్నారు. రేడియోలో చనిపోయాక ఫెలిమోన్ ఇంకో సాయంత్రం, ఇంకో రాత్రంతా బతికే ఉన్నాడు. రోదెల్ మాత్రం దొరకలేదు.

ఆ కబురు విన్నప్పటి నుంచి మారివిక్ మాట్లాడటం మానేసింది. పిలిస్తే పలకదు, అన్నం ముందు పెడితే చూస్తూ కూర్చుంటుంది. ఎడితా బతిమాలింది, తిట్టింది, ఒకసారి చెంప మీద కొట్టి తనే ఏడ్చింది.

రెండో పూట మేనేజరు వచ్చాడు. చావింటికి పూలచక్రం తెచ్చాడు, దాని పట్టీ మీద 'ప్రగాఢమైన గాఢ సంతాపం' అని రాసుంది. ముందు ఎడితా ఇంట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "రేవు ఆఫీసు కాగితంలోనే అలా ఉందండీ. అమ్మాయిని కూడా అదే చెప్పమనండి. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

ఆ మాట ఎడితాకు నీళ్లలో దొరికిన బల్లచెక్కలా అనిపించింది. నిజంగా కాగితంలో ఉందేమో! ఉండాలి. మేరీమాత పటం ముందు మోకరిల్లి, ఆ రాత ఎవరో గుమాస్తాది కావాలని మొక్కుకుంది. కానీ కూతురి మాటతీరు తనకు తెలియనిదా?

మర్నాడు పురింగ్ కబురు పంపింది, మారివిక్‌ను తీసుకురమ్మని. ఎడితా తలుపు గడియ వేసింది, మళ్లీ తీసింది. కొడతారేమో, రాళ్లు వేస్తారేమో, పోలీసులకు పట్టిస్తారేమో. అయినా కూతురి చేయి పట్టుకుని తీసుకెళ్లింది.

శవపెట్టె చుట్టూ కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. శవం దగ్గర జాగారానికి వాకిట్లో పేకాడుతున్నవాళ్లు ఆట ఆపేశారు.

"రండి మైకు రాణీగారూ" అన్నాడు ఇస్కో ముసలాయన, చేతిలో ముక్కలు కింద పడేసి. "నేను మూడో దిబ్బ దాకా వెళ్లానమ్మా. ఇంకో గంట పోయుంటే వాడి కేక వినిపించేది. నువ్వు చచ్చాడన్నావ్, నేను చుక్కాని తిప్పాను. ఇప్పుడు అన్నం తిందామంటే ముద్ద దిగడం లేదు నాకు."

"ఊరుకో మావా" అంది పురింగ్. మూడు రోజుల్లోనే ఆమె ముఖం పీక్కుపోయింది. మారివిక్ వైపు తిరిగింది. "నేను నిన్నేమీ అనను ఇందాయ్. ఆ కాగితంలో ఏం రాసుందో చెప్పు, చాలు. గాలింపు ఆపమన్నదెవరో తెలియకుండా నేనాయన్ని మట్టిలో పెట్టలేను."

"రేవు ఆఫీసువాళ్లే అలా రాశారట పురింగ్" అంది ఎడితా గబగబా. "మేనేజరు స్వయంగా తనంతట తానే వచ్చి..."

"నువ్వు కాదక్కా. తనే చెప్పాలి."

ఎడితా కూతురి మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుని మనసులోనే బతిమాలింది. ఉందను. కాగితంలో ఉందను తల్లీ. ఒక్క అబద్ధం. రేపటి నుంచి ఈ వీధిలో నువ్వు నడవాలి, ఈ బావి దగ్గరే నీళ్లు తోడుకోవాలి. ఉందను.

కాఫీ కప్పులు చల్లారిపోయాయి. ఒక కొవ్వొత్తి కొండెక్కింది, లేచి వెలిగించినవాళ్లు లేరు. మారివిక్ పెట్టె మీది అద్దంలోంచి ఫెలిమోన్ చేతిని చూస్తోంది. చొక్కా ముడి ఒరుసుకున్న చోట చర్మం లేచిపోయింది. పురింగ్ కళ్లు ఆమె ముఖం మీంచి కదలడం లేదు. ఎంతసేపయిందో ఎడితాకు తెలియలేదు. ఏదో ఒకటి అని ఆ ఖాళీని నింపాలని ప్రాణం కొట్టుకుంది, నింపలేకపోయింది.

మారివిక్ తల్లి వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, చేయి వెనక్కి తీసుకుంది.

"'ఇద్దరి జాడ ఇంకా తెలియలేదు, గాలింపు సాగుతోంది' అని రాసుంది" అంది. "మిగతాది నేను కలిపాను."