మూడంగుళాల లూజు

మా అత్తగారి మీద నాకున్న ఏకైక ఫిర్యాదు ఆవిడ ఆరోగ్యం. ఇద్దర్ని కన్నా ఆవిడకి ఒక్క వాంతి కూడా కాలేదట. మా ఆయన పుట్టిన రోజున, నొప్పులు మొదలయ్యాక కూడా, చొక్కాకి మిగిలిన రెండు కాజాలు కుట్టి, దారం కొరికి మరీ ఆస్పత్రికి బయల్దేరిందట. అలాంటి మనిషి కుట్టుమిషను పక్క గదిలో, ఒళ్ళో బకెట్టుతో నేను. పోలిక వద్దన్నా వచ్చేస్తుంది.

నాలుగో నెల వచ్చింది. ఈపాటికి తగ్గుతాయన్న వేవిళ్ళు నా దగ్గర కాపురం పెట్టాయి. అన్నం సంగతి ఎప్పుడో మర్చిపోయాను. చెంచాడు నీళ్ళు తాగితే గిన్నెడు బయటికొచ్చేవి. ఆ లెక్క నా డిగ్రీకి అంతుబట్టలేదు. సబ్బు, మిషను నూనె, కొత్త గుడ్డ, చివరికి మా ఆయన, ఏ వాసనా పడేది కాదు. ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలోనే నిలబడి పలకరించి వెళ్ళేవారు, నేనేదో స్టాపులో ప్రయాణికురాలినైనట్టు.

నీళ్ళు కూడా నిలవకపోతే వెంటనే రమ్మని, సెలైన్ ఎక్కించాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. నిన్న ఆ మాట రెండుసార్లు గుర్తుచేశాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు.

"కడుపన్నాక వాంతులుంటాయిరా. కంగారేం లేదు," అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ. ఒక్క వాంతీ ఎరగని మనిషి.

వాదించడానికి ఓపిక కావాలి. నాకున్నదంతా బకెట్టు పట్టుకోవడానికే సరిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడ నాకోసం కుట్టిన గౌను పట్టుకొచ్చింది. పొట్ట పెరుగుతుంది కదా అని, నా పాత కొలత మీద మూడంగుళాలు లూజు పెట్టిందట. గోడకి ఆనించి కూర్చోబెట్టి తొడిగింది. గౌను భుజాల మీంచి జారి మోచేతుల దగ్గర ఆగింది.

ముప్పై ఏళ్ళలో ఆవిడ కత్తిరింపు తప్పలేదు. గౌను విప్పి, బల్ల మీద పరిచి కొలిచింది. కొలతల పుస్తకంలో నా పేజీ చూసింది. టేపు సాగిందేమోనని చెక్క స్కేలు పక్కన పెట్టి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక కొలవాల్సింది నన్నే.

భుజం, ఛాతీ, చెయ్యి, నడుము. నడుము దగ్గర టేపు తీసి మళ్ళీ పెట్టింది. పెళ్ళినాటి కంటే రెండంగుళాలు తక్కువ. నా మాట నమ్మని మనిషి టేపు మాట నమ్మింది. నాకేం అభ్యంతరం లేదు, ఎవరు చెప్పినా చాలు.

"నీళ్ళు ఎప్పుడు నిలిచాయమ్మా, ఆఖరిసారి?"

"మొన్న."

"బాత్రూముకి?"

పొద్దున ఒక్కసారి వెళ్ళాననీ, చిక్కటి టీ రంగులో వచ్చిందనీ చెప్పాను.

ఆవిడ మిషను వైపు కూడా చూడలేదు. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయింది. టాక్సీ పిలిచి, నా చెప్పులు తనే తొడిగి, కొడుక్కి ఫోను చేసింది. బస్సు అప్పగించి తిన్నగా ఆస్పత్రికి రమ్మంది. కంగారేం లేదని నిన్న నువ్వే అన్నావుగా అని ఆయన అడిగినట్టున్నారు.

ఆవిడ రెండో చెయ్యి నా వీపు మీద ఉంది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"అన్నాన్రా. గౌనులో తప్పేం లేదు. తప్పు నాదే."