కిటికీ పక్కన అత్తగారు

ఫోను మోగితే చాలు, ఆ ఇంట్లో ఉరుకులు పరుగులు మొదలయ్యేవి. కొనేవాళ్ళు అరగంటలో వస్తున్నారని బ్రోకరు చెప్పేవాడు. సర్దుడమ్మ పొయ్యి మీది గిన్నె దింపి, కిటికీలు బార్లా తెరిచి, బాత్‌రూంలోని తడి తువాళ్ళూ బ్రష్షులూ ఒక బకెట్లో పడేసి, ఆ బకెట్టును మంచం కిందికి తోసేసేది. మూడు నెలలుగా ఇదే వరస. ఆ మూడు నెలల్లో ఇంటిల్లిపాదీ కుదురుగా కూర్చుని ఒక్క పూట కాఫీ తాగిన పాపాన పోలేదు.

సర్దుడమ్మ అన్న పేరు బ్రోకరు పెట్టిందే. ఆవిడ పని అది. అమ్మకానికి పెట్టిన ఇళ్ళను, చూడగానే కొనాలనిపించేలా సర్దిపెడుతుంది. ఖాళీ ఫ్లాటైతే తన గోడౌను నుంచి సోఫాలు, దీపాలు, కర్టెన్లు తెప్పిస్తుంది. సంసారమున్న ఇల్లైతే సగం సామాను మూటలు కట్టించి బయటికి పంపేస్తుంది. ఇల్లు అమ్ముడుపోవాలంటే ముందు అందులోని మనుషుల ఆనవాళ్ళు తీసెయ్యాలన్నది ఆవిడ గట్టి నమ్మకం. గోడ మీద పెళ్ళి ఫొటో, ఫ్రిజ్ మీద మందుల డబ్బా, దువ్వెనలో వెంట్రుక కనబడ్డాయంటే వచ్చినవాళ్ళు చుట్టాలింటికి వచ్చినట్టు మొహమాటపడతారే తప్ప, తమ మంచం ఎక్కడ వేసుకోవాలా అని ఆలోచించరు. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తోంది. ఏడాదిన్నరపాటు ఎవరూ ముట్టని ఇంటిని పది రోజుల్లో అమ్మించిన ఘనత ఆవిడది.

అలాంటి మనిషికి సొంత ఇల్లే కొరకరాని కొయ్యయి కూర్చుంది. అది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.

పోనీ సరదాకి అమ్ముతున్నారా అంటే అదీ కాదు. ఎనిమిది నెలల కిందట అత్తగారు మెట్లు దిగుతూ మోకాళ్ళు పట్టేసి మధ్యలో ఆగిపోయింది. అటు కిందికి పోలేక, ఇటు పైకి రాలేక, గంటసేపు ఆ మెట్టు మీదే కూర్చుంది. చివరికి కొడుకూ ఎదురింటాయనా కలిసి కుర్చీలో మోసుకొచ్చారు. అప్పట్నుంచి ఆవిడ ఎదురింటి గుమ్మం దాటి వెళ్ళలేదు. అంతకు ముందు రోజూ పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి, పాలవాడి దగ్గర్నుంచి చెప్పులు కుట్టే అతని దాకా అందరి సంగతులూ మోసుకొచ్చే మనిషి. ఇప్పుడు వాకర్ పట్టుకుని హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి, ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతుంది. ఎవరైనా కాసేపు కూర్చోమంటే ముక్కు మీదే ఉంటుంది కోపం. రెండు వీధుల అవతల కింది అంతస్తులో ఒక ఇల్లు మాట్లాడుకున్నారు. గుమ్మం ముందు ఒకటే మెట్టు. ఇది అమ్ముడుపోతేనే అది. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు ఆ ఇంటాయన. నెలాఖరుకి ఇంక ఆరు రోజులే ఉన్నాయి.

సర్దుడమ్మ తన విద్యంతా ప్రయోగించింది. పైకొచ్చేవాళ్ళు ఆయాసపడి మొహం మాడ్చుకోకుండా మూడో అంతస్తు మలుపులో ఒక కుర్చీ, చిన్న దీపం పెట్టింది. ముసలివాళ్ళున్న ఇల్లని తెలియకుండా అత్తగారు పట్టుకుని లేచే బాత్‌రూం పిడి ఊడదీయించి, ఆ చిల్లులు పూడ్పించి రంగేయించింది. ఇల్లు పీకి పందిరెయ్యడానికి జీతమిస్తారని నిన్ను చేసుకున్నాకే తెలిసిందని మొగుడు ఎద్దేవా చేశాడు. ఆవిడ చెవిన వేసుకోలేదు. ఎవరైనా వచ్చినప్పుడల్లా అత్తగారిని, వాకర్‌తో సహా, ఎదురింట్లో కూర్చోబెట్టేది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఫోనొచ్చేసరికి ఎదురింటికి తాళం వేసుంది. సర్దుడమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పడగ్గదిలో ఉంచుదామంటే దాన్నే ముందు చూస్తారు. వంటింట్లో చోటు లేదు. హాలు మధ్యలో నిలబడి అత్తగారిని కింది నుంచి పైకి చూసింది, ఒక దీపాన్ని ఏ మూల పెడితే బాగుంటుందా అని చూసినట్టు. తర్వాత చకచకా ఇస్త్రీ చీర కట్టించి, తల దువ్వి, కిటికీ పక్కన వెలుతురు పడేచోట కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో పుస్తకం పెట్టింది. వాకర్‌ని బాత్‌రూం కర్టెన్ వెనక్కి తోసేసింది.

"లేవకండి అత్తయ్యా. ఏమడిగినా నవ్వండి చాలు."

"పళ్ళు కనబడేలా నవ్వాలా, కనబడకుండానా?" అంది అత్తగారు.

కనబడకుండా, అని కోడలు సీరియస్‌గానే చెప్పింది. చెప్పాక సిగ్గేసింది. కానీ అప్పటికే బయట చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

బ్రోకరు వెంట వచ్చినవాళ్ళు భార్యాభర్తలు. వయసులో చిన్నవాళ్ళే. అతను కుళాయిలు తిప్పి చూశాడు, ఆవిడ బీరువాలు తెరిచి చూసింది. అన్నీ నచ్చినట్టే ఉన్నాయి. ఇద్దరూ కిటికీ దగ్గరకొచ్చి ఆగిపోయారు. తన తల్లి కూడా తమతోనే ఉంటుందనీ, ఆవిడకీ మోకాళ్ళ నొప్పులేననీ, లిఫ్టు లేదని తెలిసి అసలు రావద్దనుకున్నామనీ అతను సర్దుడమ్మతో చెప్పాడు. తర్వాత అత్తగారి వైపు వంగాడు.

"మీరు రోజూ కిందికి దిగుతారా అమ్మా?"

అత్తగారు కోడలి వైపు చూసింది.

"దిగకపోతే ఎట్లా నాయనా? రోజూ పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. అలవాటైతే మెట్లు ఒక లెక్కా?" అని, పళ్ళు కనబడకుండా నవ్వింది.

అక్కడితో ఆగినా బాగుండేది. చెప్పులు కుట్టే అతని కూతురి పెళ్ళి కుదిరిన సంగతి, పాలవాడు కొత్త సైకిలు కొన్న సంగతి, ఎనిమిది నెలల నాటి కబుర్లన్నీ ఆ పొద్దున్నే విన్నట్టు చెప్పింది. అతని మొహం వికసించింది. తన అత్తగారి కుర్చీ కూడా ఇక్కడే వేద్దామని భార్య అంది. రేపే బయానా ఇస్తామన్నారు. బ్రోకరు సర్దుడమ్మకి కనుసైగ చేశాడు.

ఆవిడకి సంతోషం రావాలి. రాలేదు. తను ఎన్నడూ అబద్ధమాడలేదనీ, దాచాల్సింది దాచానంతేననీ ఇన్నేళ్ళూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు మొహం కూడా తెలియని ఒక ముసలావిడ మెట్టు మీద కూర్చుని కిందికీ పైకీ చూస్తున్నట్టు కళ్ళకు కట్టింది. వాళ్ళు గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగా ఉండబట్టలేకపోయింది.

"మా అత్తగారు కిందికి దిగి ఎనిమిది నెలలైంది బాబూ. ఆవిడ కోసమే ఇల్లు అమ్ముతున్నాం."

బ్రోకరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. కొనడానికి వచ్చినతను కోప్పడలేదు. చెప్పి మంచి పని చేశారని మాత్రం అని, భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు.

సర్దుడమ్మ లోపలికొచ్చింది. అత్తగారు కుర్చీలో అలాగే ఉంది, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. అంతా విన్నట్టు మొహమే చెబుతోంది. క్షమించమందామనుకుంది కోడలు, దేనికని అడిగితే ఏం చెప్పాలో తోచక ఊరుకుంది.

"నేను తెలియకుండా ఆడిన అబద్ధం కాదమ్మాయ్ అది," అంది అత్తగారు. "ఆ అబ్బాయి వాళ్ళమ్మ నాకూ గుర్తొచ్చింది. ఆలోచించే ఆడాను."

"అది కాదు అత్తయ్యా, ఆవిడ కూడా..."

"ఆవిడ మీద నీకు జాలి కలిగింది. మంచిదే. మరి నన్నెప్పుడు దింపుతావో చెప్పు."

కోడలు ఏదో ఒకటి చెయ్యాలని ఆవిడని లేపడానికి చెయ్యి చాచింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకోలేదు. కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, తనే లేవబోయి, సగం లేచి, మళ్ళీ కూర్చుండిపోయింది.