తెల్లవారుజాము ఎవరిది

నరసాపురం కాలువ గట్టున జీవరాజు గారి ధాన్యం కంపెనీ ఉండేది. కంపెనీ ఒకటే గాని, అందులో కాలాలు మూడు నడిచేవి. కచేరీలో ఇంగ్లీషు తేదీలు. ధాన్యం కొట్టు చూసే పెదబాబుకి కార్తెలు, వర్జ్యాలు. మంచి గడియ చూడందే బస్తా కదిలించేవాడు కాదు. పడవల సరంగు పోతురాజు చంద్రుణ్ణి చూసి గోదారి పోటూ పాటూ లెక్కగట్టేవాడు. ఎవరి లెక్క వారికి తప్పేది కాదు. ముగ్గురూ కలవాల్సిన రోజున మాత్రం కలిసేవారు కాదు. పడవలొస్తే ధాన్యం ఉండదు, ధాన్యముంటే పడవలుండవు, రెండూ ఉంటే కచేరీకి ఆదివారం.

ఆ ఏడు కోతలయ్యాక జీవరాజు గారు విసిగిపోయారు. కంపెనీలో అందరికీ ఒకే లెక్క ఉండాలి, అది అందరికీ కనబడేలా ఒకే గోడ మీద ఉండాలన్నారు. అదీ కుదరకపోతే పడవలు అమ్మేసి, కావలసినప్పుడు అద్దె పడవలు మాట్లాడుకుంటానన్నారు.

గుమాస్తా జగన్నాథరావు ఇంటికొచ్చి ఈ మాట చెప్పిన పూట ఆయన కూతురు రామతులసికి అన్నం సయించలేదు. పడవలు పోతే పోతురాజు మొగల్తూరు అవతల సముద్రపు ఒడ్డుకి, తన వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు. అతనితో పాటు కూతురు లోవమ్మా పోతుంది. ఊరంతటిలో రామతులసి మాట్లాడే మనిషి లోవమ్మ ఒక్కతే. మిగతావాళ్ళ ముందు ఆమె మాటలు పెదాల దాకా వచ్చి, గుమ్మంలో కొత్త చెప్పులు చూసి వెనక్కి మళ్ళే చుట్టాల్లా వెళ్ళిపోయేవి.

కొట్టు ముందరి గోడకి సున్నం వేయించారు. జగన్నాథరావు దాని మీద బొగ్గుతో నెలకి సరిపడా గళ్ళు గీశాడు. కొట్టు వాళ్ళకీ పడవల వాళ్ళకీ అక్షరాలు రావు కనుక బొమ్మలుండాలి. ఆయనకి బొమ్మలు రావు. ముగ్గులు పెట్టే చెయ్యి కదా అని కూతుర్ని పిలిచాడు.

ఒక్కో గడిలో పైన తేదీ అంకె, మూలన ఆ నాటి చంద్రుడు. ధాన్యం తోలే రోజుకి కంకి. పడవలు బయలుదేరే రోజుకి తెరచాప. జాజుతో ఎరుపు, నీలిమందుతో నీలం. మధ్యాహ్నాలు కాలువ నీటి వెలుగు వచ్చి ఆ గోడ మీద కదిలేది. గళ్ళన్నీ తేలుతున్నట్టు, ఇంకా రాని రోజులు నీళ్ళ అడుగు నుంచి తనని చూస్తున్నట్టు ఉండేది రామతులసికి. కుంచె ఎత్తి అలాగే నిలబడిపోయేది.

లోవమ్మ పక్కన కూర్చుని వంకలు పెట్టేది. "మా చవితి చంద్రుడికి అంత పొట్టేంటి, తులసమ్మా? నాలుగు రోజుల్లో అంత తిండి ఎక్కడ తిన్నాడు?"

మార్గశిర శుద్ధ దశమి గురువారమైంది. ఆ తెల్లవారుజామున పోటు తిరుగుతుంది, దానితో పాటే పడవలు కదలాలి. తండ్రి చెప్పినట్టు రామతులసి బుధవారం గడిలో కంకి, గురువారం గడిలో తెరచాప వేసింది.

బుధవారం సాయంత్రమే పెదబాబు చేత జగన్నాథరావు బస్తాలన్నీ గట్టున పేర్పించాడు. తెల్లవారింది. పడవలు రాలేదు. గురువారమంతా బస్తాలు ఆకాశం కిందే ఉన్నాయి. పొద్దువాలాక కాలం కాని కాలంలో జల్లు పడింది. తడిసినవాటిని పెదబాబు తిట్టుకుంటూ తిరిగి కొట్లోకి చేర్పించాడు. మరునాడు కోడి కూయకముందే పోతురాజు పడవలన్నీ వరసగా, పెళ్ళివారిలా వచ్చి ఆగాయి. గట్టు ఖాళీ. చూస్తుండగానే పోటు తిరిగి, నీరు దిగిపోయింది.

పొద్దున్నే జీవరాజు గారు వచ్చి గోడ ముందు నిలబడ్డారు. గోడ చూసే బస్తాలు వేశానన్నాడు పెదబాబు. గోడ చూసే పడవలు తెచ్చానన్నాడు పోతురాజు.

"అయితే మధ్యలో గోడే లేచి ఎటైనా వెళ్ళొచ్చిందేంటి?" అన్నారు జీవరాజు గారు. తర్వాత గొంతు తగ్గించి, పడవలు కొనేవాళ్ళని చూడమని గుమాస్తాకి చెప్పారు.

తండ్రికి మజ్జిగ తెచ్చిన రామతులసి కొట్టు తలుపు వెనక నిలబడి ఇదంతా వింటోంది. కచేరీ గడియారంలో పన్నెండు దాటితే గురువారం వచ్చేసినట్టేనని తండ్రి అంటున్నాడు. గురువారం తెల్లవారితే శుక్రవారం, అంతవరకూ గురువారమే, కనుక గురువారపు తెల్లవారుజామంటే ఇప్పుడు గడిచిందేనని పోతురాజు అంటున్నాడు. ఆమెకి ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లోనూ అంతే. నాన్న తేదీ రాత్రే మారిపోతుంది. అమ్మ ఉపవాసం మాత్రం సూర్యుడు వచ్చేదాకా నిన్నటిదే. ఒకే కప్పు కింద రెండు రోజులు పక్కపక్కన పడుకుని నిద్రపోతుంటాయి. మధ్యలో ఆ తెల్లవారుజాము, రెండు గళ్ళ నడిమి నల్లగీత మీద నిలబడి, ఏ ఇంట్లోకి వెళ్ళాలో తెలియక చలికి వణుకుతున్నట్టు కనిపించింది ఆమెకి.

తలుపు సందులోంచి పడవ మీద లోవమ్మ కనిపిస్తోంది. ఇటు చూడకుండా తాడు చుట్టుకుంటోంది.

రామతులసి తలుపు దాటి వచ్చింది. మజ్జిగ చెంబు రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"గోడ తప్పు చెప్పలేదండి," అంది నేలకేసి చూస్తూ. "తెల్లవారుజాము ఎవరిదో చెప్పలేదు."

జగన్నాథరావు కూతురివంక తెల్లబోయి చూశాడు. జీవరాజు గారు మాత్రం ఎవరిదంటే ఏంటమ్మా అని అడిగారు. ఆమె తడబడుతూ నాన్న తేదీ సంగతి, అమ్మ ఉపవాసం సంగతి చెప్పింది.

"మరి ఎవరి మాట ఒప్పు?"

"ఇద్దరిదీనండి. గోడ మీద దానికే చోటు లేదు."

పోతురాజు గడ్డం గోక్కున్నాడు. నీళ్ళకి వారాలేంటండి, వేళ తప్ప, అని గొణిగాడు. జీవరాజు గారు గోడ మీది గళ్ళు లెక్కపెట్టి, బహుళ దశమికి మళ్ళీ పోటు ఇదే వేళకి తిరుగుతుంది కదా అన్నారు. అప్పటిదాకా ఆగుతానన్నారు. అది కూడా దాటితే ఇక తనని అడగొద్దన్నారు.

రామతులసి ప్రతి రెండు గళ్ళ మధ్యా సన్నగా ఒక నీలం పట్టీ వేసింది. అది తేదీకీ చెందదు, వారానికీ చెందదు. ఇటు గడి చీకటి పడ్డాక, అటు గడికి పొద్దు పొడవకముందు వచ్చే వేళ. బహుళ దశమి తెరచాపని ఆ పట్టీలో వేసి, దాని పక్కనే కంకి కూడా వేసింది. పెదబాబు వచ్చి పట్టీ మీద వేలు పెట్టి పై నుంచి కిందకి జార్చాడు. పోతురాజూ అలాగే చేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నీలం పట్టీ చెప్పిన ఆ వేళకి తండ్రితో పాటు రామతులసి గట్టుకి వచ్చింది. కాలువ ఏదో, మంచు ఏదో, ఆకాశం ఏదో తెలియడం లేదు. తూర్పున సన్నటి చంద్రుడు తడి సున్నంలో గీసినట్టున్నాడు. బస్తాలు సిద్ధంగా ఉన్నాయి. పెదబాబు గొంగళి కప్పుకుని, మంచి గడియ కూడా ఇదేనని, తాను ముందే చూసి పెట్టానని ఎవరూ అడక్కుండానే చెబుతున్నాడు. ఆమెకి అవేవీ వినపడటం లేదు. మంచులోకే చూస్తోంది. మంచు తెల్లగానే ఉంది.

ఉన్నట్టుండి ఆ తెలుపు ఒకచోట చిక్కబడింది. తర్వాత ఇంకోచోట. చప్పుడు లేకుండా తెరచాపలొచ్చి గట్టుకి ఆనాయి.

బస్తాలు ఎక్కుతూనే ఉన్నాయి, ఎక్కించేవాళ్ళ పదం సాగుతూనే ఉంది. చివరి బస్తా పడేసరికి నీరు ఊపిరి బిగబట్టినట్టు నిలిచి, మెల్లగా గోదారివైపు తిరిగింది. జీవరాజు గారు శాలువా సర్దుకుంటూ, పడవల తెరచాపలు చీకిపోయినట్టున్నాయి, కొత్త గుడ్డ తెప్పించండి పంతులుగారూ, అని జగన్నాథరావుతో చెప్పి వెళ్ళిపోయారు.

కొత్త గుడ్డ అన్న మాట పడవ మీద లోవమ్మకి వినిపించింది. అమ్మే పడవలకి ఎవరూ కొత్త గుడ్డ కొనరు. ఆమె నవ్వు మొహం మంచులో కరిగిపోతుంటే రామతులసి నీటి అంచుదాకా పరుగెత్తింది.

"లోవా, తొందరగా వచ్చెయ్యి!"

గట్టు మీద ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. గుమాస్తా గారి అమ్మాయికి అంత గొంతు ఉందని అప్పటిదాకా వాళ్ళెవరికీ తెలియదు.