వద్దన్న బియ్యం

రేషన్ బియ్యంతో వండిన పొంగలి దేవుడికి పెడితే ఆ పుణ్యం పెట్టిన ఇంటికి చేరుతుందా, బియ్యమిచ్చిన గవర్నమెంటుకు చేరుతుందా అన్న అనుమానం కన్నప్ప నాయుడికి ఆరేడేళ్ళుగా ఉంది. ప్రతి శనివారం పొద్దున తలస్నానం చేసి, నామం పెట్టుకొని, భార్య కుప్పమ్మ ఆకులో వడ్డించిన పొంగలి చుట్టూ నీళ్ళు తిప్పేటప్పుడు సరిగ్గా ఆ అనుమానం వచ్చేది. నీళ్ళు తిప్పడం అయిపోగానే పోయేది. మళ్ళీ వారం దాకా కనబడేది కాదు. అందుకే దాన్ని తీర్చుకోవడానికి వీలు పడలేదు.

ఒకసారి పెరటాసి నెలలో పళ్ళికొండ రంగనాథుని సేవకు పోయినప్పుడు వరుసలో తన ముందు నిలబడిన పెద్దాయనను అడిగాడు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. చాలాసేపు ఆలోచించి, "స్వామి పడుకొని ఉండాడు కదప్పా. బియ్యం యాడ తెచ్చినావని లేచి అడగడులే" అన్నాడు. కన్నప్పకు అది జవాబులాగా తోచలేదు.

తమిళనాడులో గుడియాత్తం దగ్గర పల్లెలో కన్నప్పకు రెండున్నర ఎకరాల కొబ్బరితోట ఉంది. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాడు, అదీ తమిళంలో. గవర్నమెంటు ఏం చేయాలో ఆయనకు ఒక లెక్క ఉంది. రోడ్డు వేయాలి, కోర్టు నడపాలి, ఏట్లో ఇసుక ఎత్తుకుపోయేవాణ్ణి పట్టుకోవాలి, సరిహద్దులో సిపాయిని నిలబెట్టాలి. పొయ్యి మీద ఏం ఉడకాలో ఇంటివాడు చూసుకోవాలి. మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇంటింటికీ పంచిన ఏడు ఆయన ఈ మాటే చెప్పాడు. చెప్పి, ఫ్యాను కిందే కూర్చున్నాడు. గ్యాస్ సబ్సిడీ అక్కరలేనివాళ్ళు వదులుకోండని ఢిల్లీ వాళ్ళు అడిగినప్పుడు ఆ వీధిలో వదులుకున్నది ఆయన ఒక్కడే. ఆ సంగతి కుప్పమ్మకు నాలుగు నెలల తరువాత తెలిసింది.

టీకొట్టు చిన్నమణి ఈ విషయంలో ఆయనను వదిలిపెట్టేవాడు కాదు.

"ఏం మామా, ఊరికే వచ్చింది తింటే మనిషి చెడిపోతాడంటావే. నీ మోటారుకు కరెంటు బిల్లు ఎంత కడతా ఉండావు?"

"సేద్యానికి కరెంటు అందరికీ ఊరికేనే కదరా."

"అందుకే అడుగుతా ఉండా. ఆ నీళ్ళకు కాసిన టెంకాయలు అమ్ముకొని నువ్వేం చెడిపోలేదే."

"చెడిపోయినానేమో. నీకేం తెలుసు?"

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. కన్నప్ప నవ్వలేదు. ఆయన నిజంగానే అన్నాడు. రెండు రోజులు ఆలోచించాడు. మీటరు లేని మోటారుకు బిల్లు కడతానంటే తీసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. బియ్యం అట్లా కాదు. వద్దనుకుంటే వద్దని చెప్పవచ్చు. బియ్యం కార్డును సరుకులేవీ రాని కార్డుగా మార్చుకునే వీలుందని పేపర్లో చదివాడు. వదలగలిగినదాన్ని ముందు వదలాలి, మిగతాది తరువాత చూసుకోవచ్చు అనుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర కుప్పమ్మకు చెప్పాడు. ఆమె రసం పోస్తున్న గరిటె ఆపింది.

"సరుకులు రాని కార్డు దేనికి?"

"అడ్రసుకు పనికొస్తాది."

"పండక్కిచ్చే చెరకు?"

"రాదు."

"చీర, పంచె?"

"రావు."

"గ్యాసుకు చేసింది చాల్లేదా నీకు?"

"మనకు తినేదానికి ఉండాది కుప్పమ్మా. లేనోళ్ళకు పోనీ."

"నువ్వు వద్దంటే ఆ మూట లేనోళ్ళ ఇల్లు వెతుక్కొని నడిచిపోతాదా?"

కన్నప్ప రసం తాగాడు. తరువాత రెండు రోజులు కుప్పమ్మ ఏదైనా చెప్పాలంటే ఆవుకు చెప్పింది. చెరకు పోతుందని కోపం వచ్చిందనుకున్నాడు కన్నప్ప.

సోమవారం బస్సెక్కి తాలూకా ఆఫీసుకు పోయాడు. సీట్లో ఉన్న గుమాస్తా గుణశేఖర్ కుర్రవాడు. రెండు మాటలు తమిళంలో మాట్లాడి, కన్నప్ప యాస విని తెలుగులోకి దిగాడు.

"బియ్యం రాని చక్కెర కార్డును బియ్యం కార్డు చేయాలా పెద్దాయనా?"

"బియ్యం కార్డును ఏమీ లేని కార్డు చేయాల."

గుణశేఖర్ ఫారం చూశాడు. తరువాత కన్నప్పను చూశాడు. "మీరు వచ్చినట్టు ఇంట్లో తెలుసునా?"

"తెలుసు."

"పంచాయితీ ఎలక్షన్లో నిలబడతా ఉండారా?"

"లేదప్పా."

"మరి కారణం ఏమని రాసేది?"

"తేవై ఇల్లై అని రాయి."

అక్కర లేదు అన్న ఆ రెండు తమిళ మాటలను గుణశేఖర్ మెల్లగా, అక్షరాలు తప్పుతాయేమో అన్నట్టు రాశాడు. కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టి, కొంచెం ఇబ్బందిగా కదిలాడు.

"కుటుంబ పెద్ద సంతకం కావాల."

"పెట్టేదానికే కదా వచ్చినా."

"పెద్ద మీరు కాదు."

స్క్రీను ఇటు తిప్పాడు. కుప్పమ్మ ఫోటో ఉంది. ఆడవాళ్ళ పేరు మీద కార్డుంటే నెలనెలా డబ్బు వస్తుందన్న మాట ఊళ్ళో తిరిగినప్పుడు కోడలు సింధుజ ఫోనులో ఏదో నొక్కుతూ కూర్చోవడం కన్నప్పకు గుర్తొచ్చింది.

"ఆయమ్మను పిలుచుకొని రండి. రెండు నిమిషాల పని" అన్నాడు గుణశేఖర్ మర్యాదగా.

నలభై ఏళ్ళుగా ఇంటిపెద్దగా ఉన్న మనిషి, కాదని తెలుసుకొని టౌను బస్సులో తిరిగి వచ్చాడు. ఇంట్లో కుప్పమ్మ చెనక్కాయలు ఒలుస్తోంది. ఫారం ఆమె ముందు పెట్టాడు.

"సంతకం పెట్టు."

"పెట్టను."

"యాల?"

ఆమె ఇంకో పది కాయలు ఒలిచింది. "రేపు రేషన్ అంగట్లో బియ్యం వేస్తారు. బండి తీసుకొని రా. చెప్తా."

మరునాడు అంగట్లో కుప్పమ్మ యంత్రం మీద బొటనవేలు పెట్టింది. ఇరవై కిలోల మూటను కన్నప్ప బండి మీద పెట్టుకున్నాడు. ఇంటి మలుపు దగ్గర ఆమె వెనకనుంచి భుజం తట్టి, నేరుగా పొమ్మంది. వీధి చివర చిన్నపొన్ను ఇంటి ముందు ఆపమంది.

చిన్నపొన్ను ఒంటరి మనిషి, మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. వేళ్ళ మీద గీతలు అరిగిపోయి, రేషన్ యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది. ఆధార్‌లో గీతలు మళ్ళీ తీయించుకొని రమ్మన్నారు. రెండుసార్లు పోయింది. తీసే యంత్రానికీ అవి కనబడలేదు. ఆమె కార్డు ఉంది, కార్డులో పేరు ఉంది, బియ్యం మాత్రం రావు. ఈ కథంతా కుప్పమ్మ బండి మీదనుంచి దిగుతూ చెప్పింది.

"అప్పటినుంచి మన మూట ఇక్కడికే వస్తా ఉండాది."

"ఎన్నాళ్ళుగా?"

"ఏడేళ్ళవుతాది."

"మరి మనం తినేది?"

"అంగట్లో కొనేది. టెంకాయల డబ్బులో."

"శనివారం పొంగలికి?"

"అదీ కొన్న బియ్యమే."

కన్నప్ప బండికి స్టాండు వేసి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ అనుమానంలో ఒక్క రేషన్ గింజ కూడా లేదన్నమాట. మనసు తేలిక పడాలి. పడలేదు.

"నాకు చెప్పలేదే."

"చెప్పుంటే నువ్వు చట్టం మాట్లాడుంటావు. ఆయమ్మ పస్తుండి వినుండాల."

వేలు ఒకరిది, కడుపు ఇంకొకరిది. అది అబద్ధమే. ఆ అబద్ధం ఏడేళ్ళు రెండు పూటలా ఉడికి ఒక మనిషిని నిలబెట్టింది. రెండింటినీ ఎట్లా కలిపి ఆలోచించాలో కన్నప్పకు తెలియలేదు. మూట దించి లోపల పెట్టి వచ్చాడు.

"కార్డు వదిలేద్దాం" అన్నాడు ఇంటికొచ్చాక. "వచ్చే నెలనుంచి మన డబ్బుతో కొని నేనే తీసుకుపోయి ఇస్తా."

"నెలనెలా?"

"నెలనెలా."

"మోటారు ఆపేదే రోజూ మర్చిపోతావు. ముందు ఒక నెల ఇయ్యి. చూసి సంతకం పెడతా."

ఒకటో తేదీన కన్నప్ప ఇరవై కిలోల మంచి బియ్యం కొన్నాడు. కుప్పమ్మ ఫారం, పెన్ను పట్టుకొని వెనక కూర్చుంది. చిన్నపొన్ను మూటను చూసింది.

"ఏందన్నా, మూట మారింది?"

కన్నప్ప అంతా చెప్పాడు. కొంచెం గొప్పగానే చెప్పాడు. చిన్నపొన్ను విని, "వద్దు" అంది.

"యాల?"

"గవర్నమెంటు బియ్యం అందరిదీ. నాదీ కూడా. అది తిని తలెత్తుకొని తిరగతా ఉండా. మీ ఇంటి బియ్యం తింటే రేపు మీ గేటు ముందర ఎట్ల నడిచేది?"

"అందరిదీ అంటే ఎవరిదీ కాదమ్మా."

"ఎవరిదీ కాదు కాబట్టే గొంతు దిగతా ఉండాది."

మనిషి తన చేత్తో పెట్టేదే గొప్పదని ముప్పై ఏళ్ళుగా చెబుతున్న కన్నప్ప, ఆ చేతి కింద చెయ్యి పట్టేవాళ్ళను ఎప్పుడూ అడగలేదు. కుప్పమ్మ పెన్ను మూత పెట్టింది. సంతకం లేదన్నట్టే. ఈ మూట వెనక్కి పోతే కార్డు వదిలే మాట అక్కడితో సరి, వచ్చే నెల మళ్ళీ కుప్పమ్మ వేలే పెట్టాలి.

"సరే, ఊరికే వద్దు" అన్నాడు కన్నప్ప. "తోటలో మట్టలు పడి ఉండాయి. ఈనెలు తీసి చీపుర్లు కట్టు. మూటకు పది."

"ఇరవై."

"పది చాలమ్మా."

"ఇరవై. తక్కువైతే మూట ఎత్తుకో."

"పదిహేను."

"పదిహేనంటే ఒప్పుకుంటా. తోటకు నేనే వస్తా, నువ్వు మోసుకొని రావద్దు."

"ఇంకొకటి. గురువారం మనం వేలూరుకు పోతాం. వేలు కాకుండా కన్ను చూసే యంత్రం ఉండాదంట. నీ బియ్యం నీ పేరు మీద నీకు రావాల. అంతవరకే ఈ చీపుర్లు."

"కన్నుకు కూడా ఏమన్నా అంటే?"

"అంటే అప్పుడు చూస్తాం."

కుప్పమ్మ ఫారాన్ని బియ్యం మూట మీద పరిచి సంతకం పెట్టింది. మూడు అక్షరాల పేరుకు చాలాసేపు పట్టింది. కన్నప్ప దాన్ని మడిచి జేబులో పెట్టుకొని బండి వైపు తిరిగాడు.

"అన్నా" అంది చిన్నపొన్ను. "ఇచ్చేదానికి వచ్చినావు కాబట్టి అడుగుతా. మీ అమ్మ మా అత్త దగ్గర ఒక పడి బియ్యం బదులు తీసుకొనింది. మీ అక్కను పెళ్ళికి చూసేదానికి ఆంబూరునుంచి వచ్చిన రోజు. నలుగురు వస్తామని తొమ్మిదిమంది వచ్చినారంట. మా అత్త పోయేదాకా చెప్తానే ఉండె."

కన్నప్పకు ఆ రోజు గుర్తుంది. అప్పుడు ఆయనకు పదేళ్ళు. చుట్టాల పక్కన కూర్చొని రెండుసార్లు వడ్డించుకొని తిన్నాడు. ఆ బియ్యం ఎవరివని అప్పుడు అనుమానం రాలేదు.

"ఇన్నేళ్ళూ అడగలేదే."

"ఒక పడి బియ్యం. ఏమని అడిగేది?"

కన్నప్ప మూట తాడు విప్పబోయాడు.

"దాంట్లోది వద్దు" అంది చిన్నపొన్ను. "అది చీపుర్లది."

ఆయన ఇంటికి నడిచిపోయి, వంటింటి డబ్బాలోనుంచి తువ్వాలులో బియ్యం పోసుకొని వచ్చాడు. చిన్నపొన్ను అత్తకాలం నాటి, బియ్యం కొలిచే ఇనుప పడి తెచ్చి అరుగు మీద పెట్టింది. కన్నప్ప గోపురంగా నిలిచేదాకా పోశాడు. ఆమె అరచేతి అంచుతో పైన చదును చేసి, జారినవాటిని గింజగింజా ఏరి ఆయన తువ్వాలులో వేసింది.

"సరిపోయింది" అంది.