చెంచాడు రక్తం

“ఈసారైనా కడుపు నిలబెట్టుకో తల్లీ,” అంది అత్తగారు, తన కొడుకు టిఫిన్ డబ్బాకి మూత పెడుతున్న కోడలితో. అదేమన్నా పొయ్యి మీది పాలా, పొంగిపోకుండా నిలబెట్టుకోవడానికి! కోడలు మెడికల్ కాలేజీలో జన్యుపరీక్షల పాఠం చెప్పే ప్రొఫెసరు. నాలుగోసారి ప్రయత్నిద్దామని మొగుడుగారు నిన్న ఆమె తరఫున కూడా నిర్ణయించేశారు.

మూడు గర్భాలు పోయాయి. మూడోసారి పోయిన పిండాన్ని ఆమే పరీక్షకి పంపింది. ఒక క్రోమోజోము ముక్క తెగి ఇంకోదానికి అతుక్కుని ఉందని తేలింది. అలాంటిది చాలాసార్లు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. ఆమె తన రక్తం ఇచ్చింది, ఏ లోపమూ లేదు. ఇక మిగిలింది ఆయన. ఆయన సర్జను, రోజుకి నలుగురి పొట్టలు కోస్తాడు. చెయ్యి చాపి చెంచాడు రక్తం ఇమ్మంటే మాత్రం, “మా వంశంలో అలాంటివి లేవు” అంటాడు. ఆహా, ఏం వంశం! “నాకూ రెండు పోయాయి, నేనేమన్నా పరీక్షలంటూ తిరిగానా?” అని అత్తగారే ఓసారి నోరు జారింది. ఆ రెండూ వంశంలోకి రావు కాబోలు.

ఆ రోజు క్లాసులో ఆమె పేర్లు లేకుండా ఆ వంశాన్నే బోర్డు మీద గీసింది. మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు, పోయిన గర్భాలకి చిన్న త్రికోణాలు. ‘భార్య పరీక్ష: నార్మల్’ అని పెద్ద అక్షరాలతో రాసి, తలా ఒక రక్తపరీక్ష ఫారం పంచింది.

“తర్వాత ఎవరి రక్తం పంపుతారో రాయండి.”

ముప్ఫైమందిలో ఇరవైరెండుమంది ‘భార్య, మళ్ళీ’ అని రాశారు. బోర్డు మీద గుమ్మడికాయంత అక్షరాలున్నా సరే! ముందు వరస కుర్రాడు లేచి సమర్థించుకున్నాడు కూడా.

“ల్యాబులో పొరపాటు జరిగుండొచ్చు కదా మేడమ్?”

“ల్యాబు పొరపాటు పడొచ్చు, మొగుడు మాత్రం పడకూడదు. అంతేనా నాయనా?”

క్లాసంతా నవ్వింది. ఆమెకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

“భర్త ఒప్పుకోకపోతే మేడమ్?” అన్నాడు ఇంకొకడు.

“బలవంతపెట్టకూడదు. అది రూలు. రక్తం ఆయనది.”

“మరి కడుపు ఎవరిది మేడమ్?” అంది చివరి బెంచీ అమ్మాయి.

ఏళ్ళ తరబడి అదే పాఠం చెబుతోంది ప్రొఫెసరు. ఇంత చదువూ చదివి, ఈ ప్రశ్న తనని తాను ఒక్కసారి కూడా అడగలేదే అని సిగ్గేసింది. మిగిలిన ఫారాల్లో ఒకటి తీసి బ్యాగులో పెట్టుకుంది. సాయంత్రం ఇంటికెళ్ళగానే తన పక్కబట్టలు పుస్తకాల గదిలోకి మార్చేసింది.

మర్నాడు పొద్దున ఆమె టిఫిన్ కట్టలేదు. ఖాళీ డబ్బా మీద మొగుడి పేరు రాసిన ఫారం పెట్టింది. ఆయన దాన్ని చూసి తల్లి వైపు చూశాడు.

“ఇదేం విడ్డూరమే? మరి నాలుగోది ఎప్పుడు?” అంది అత్తగారు.

“మీ అబ్బాయికి సూదంటే భయం పోయాక ఆలోచిస్తానత్తయ్యా,” అని ఆమె చెప్పులేసుకుంది.